నాన్న ఫోన్ చేస్తే మార్కులు చెప్పరు

అమెరికా స్టేట్ యూనివర్సిటీల్లో డార్మ్ (అక్కడి హాస్టల్) జీవితం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. నేను మిడ్‌వెస్ట్‌లో ఓ పెద్ద స్టేట్ యూనివర్సిటీ హౌసింగ్ ఆఫీసులో కౌంటర్ వెనక కూర్చునే మనిషిని. గది కార్డు పోగొట్టుకున్నవాళ్లు, గది మార్చమని కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు, హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటినా మేలుకుని "మా వాడు ఫోన్ ఎత్తడం లేదు" అని అడిగే తండ్రులు, అందరూ నా దగ్గరికే వస్తారు. నిబంధనలు క్యాంపస్‌ని బట్టి కొంచెం కొంచెం మారతాయి. అందుకని మీ హౌసింగ్ కాంట్రాక్టు ఒకసారి తీసి చదవండి. సంతకం అందరూ పెడతారు, చదివినవాళ్లని మాత్రం అరుదుగా చూశాను.

మేడం, మా అబ్బాయి ఒక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ బీఎస్ మొదటి సంవత్సరం. ఫీజు కట్టేది నేను. మార్కులు ఎలా వస్తున్నాయి, క్లాసులకు వెళ్తున్నాడా లేదా అని అడిగితే యూనివర్సిటీవాళ్లు చెప్పడం కుదరదన్నారు. కన్నతండ్రికి చెప్పకపోవడం ఏం న్యాయం?
— ఒక తండ్రి, కరీంనగర్

మీ కోపంలో అర్థం ఉంది సార్. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకం లేనిదే పిల్లాణ్ని క్లాసులోకి రానివ్వని ఊళ్లలో పెరిగాం మనం. ఇక్కడ 1974లో వచ్చిన ఫెర్పా అనే ఫెడరల్ చట్టం ఉంది. దాని ప్రకారం కాలేజీలో చేరిన రోజు నుంచి చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, పద్దెనిమిదేళ్లు నిండకపోయినా సరే. ఫీజు ఎవరు కట్టారన్నది ఆ లెక్కలోకి రాదు. అమెరికాలో టాక్సు కట్టే తల్లిదండ్రులు పిల్లల్ని డిపెండెంట్లుగా, అంటే తమ మీద ఆధారపడినవాళ్లుగా, చూపిస్తే, వాళ్లకి చెప్పడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. చెప్పి తీరాలని మాత్రం లేదు. కరీంనగర్‌లో ఉన్న మీకు అదీ వర్తించదు.

మీకున్న దారి ఒక్కటే, మీ అబ్బాయి. అతను ఒప్పుకుని సంతకం పెడితే చెబుతారు. చాలాచోట్ల విద్యార్థి తన పోర్టల్‌లోకి వెళ్లి అమ్మానాన్నలకు మార్కులూ ఫీజు బిల్లులూ చూసే అనుమతి ఇచ్చే వీలుంది. అడగండి. కానీ "ఫీజు కట్టేది నేను" అని మొదలుపెట్టి అడగకండి. ఆ మాట తర్వాత కుర్రాళ్లు ఏం చేస్తారో నేను రోజూ చూస్తాను: ఫోన్‌ని అరచేత్తో మూసి, కౌంటర్ మీంచి నా వైపు తోసి, "మీరే మాట్లాడండి ప్లీజ్" అంటారు.

మార్కులకంటే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది, అది ఫోన్‌లో తప్పకుండా చెప్పండి. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీదున్న బీఎస్ విద్యార్థి సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ఒక సబ్జెక్టులో మునిగిపోతున్నానని భయపడి, ఎవరికీ చెప్పకుండా కంప్యూటర్‌లో డ్రాప్ బటన్ నొక్కితే వీసాకే ముప్పు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడ్వైజర్‌ని కలవాలి. తక్కువ మార్కులొస్తే నాన్న తిడతాడని దాచే పిల్లలే ఈ గొయ్యిలో పడతారు.

ఇక ఫోన్ ఎత్తకపోతే? ఒకటి రెండు రోజులు అసలు ఏ కబురూ లేకపోతే హౌసింగ్ ఆఫీసుకో క్యాంపస్ పోలీసుకో ఫోన్ చేయండి. మేం వెళ్లి తలుపు కొడతాం, "ఇంటికి ఫోన్ చెయ్ బాబూ" అంటాం. దాదాపు ప్రతిసారీ పట్టపగలు దుప్పటి ముసుగులోంచి లేచి వస్తారు.

అక్కా, నా రూమ్మేట్ మంచి అమ్మాయే. కానీ తన బాయ్‌ఫ్రెండ్ వారంలో సగం రాత్రులు మా గదిలోనే పడుకుంటాడు. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని లౌంజ్‌లో కూర్చుంటున్నాను. చెబితే నన్ను పాతకాలం మనిషి అనుకుంటుందేమోనని ఊరుకున్నాను.
— పేరు వేయొద్దన్న చెల్లెలు

చెల్లీ, గదిలో సగం నీది. ఆ సగానికి నువ్వు డబ్బు కడుతున్నావు. అతను పైసా కట్టడం లేదు.

కాంట్రాక్టుతో పాటు ఇచ్చే నిబంధనల్లో అతిథుల గురించి ఒక పేజీ ఉంటుంది, తీసి చూడు. మామూలుగా రాత్రి ఉండే అతిథికి రూమ్మేట్ ఒప్పుకోలు ఉండాలి, అది కూడా వరసగా ఇన్ని రాత్రులే అని పరిమితి ఉంటుంది. నువ్వు ఒప్పుకోలేదు. వద్దనీ చెప్పలేదు. నవ్వుతూ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని బయటికి వెళ్లిపోతుంటే, నీకు లౌంజ్‌లో చదువుకోవడం ఇష్టమనే ఆ అమ్మాయి అనుకుంటుంది. మన ఇళ్లలో మొహం చూసి కనిపెట్టే అమ్మలుంటారు. ఇక్కడ నోటితో చెప్పిందే లెక్క.

సెమిస్టర్ మొదట్లో ఆర్.ఏ., అంటే మీ ఫ్లోర్ చూసుకునే రెసిడెంట్ అసిస్టెంట్, మీ ఇద్దరి చేత రూమ్మేట్ అగ్రిమెంట్ నింపించి ఉంటుంది. లైటు ఎప్పుడు ఆర్పాలి, ఒకరి తిండి ఒకరు తినొచ్చా, అతిథులు ఎప్పుడు రావచ్చు, అన్నీ అందులో ఉంటాయి. మనవాళ్లు నింపిన ఆ కాగితాలు చూస్తే నాకు నవ్వూ బాధా రెండూ వస్తాయి. అన్ని గళ్లలోనూ "నాకు అభ్యంతరం లేదు" అనే టిక్కు. అక్టోబరు వచ్చేసరికి అదే చేత్తో గది మార్పు దరఖాస్తు.

పగటిపూట, అతను లేనప్పుడు, ఎదురెదురుగా కూర్చుని చెప్పు. మెసేజ్ పెట్టకు. సారీ చెబుతూ మొదలుపెట్టకు. ఇలా చెప్పు: "ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రి పదకొండు తర్వాత గదిలో మనిద్దరమే ఉండాలి. శుక్రవారం, శనివారం అతను వస్తే నాకు ముందురోజు చెప్పు." అంతే. కారణాల చిట్టా అక్కర్లేదు, మన సంస్కృతి గురించి ఉపన్యాసం అసలే వద్దు. పాతకాలం మనిషి అనుకుంటుందని భయపడకు. నెబ్రాస్కా పొలాల మధ్య నుంచి వచ్చిన అమ్మాయిలు, షికాగో నుంచి వచ్చినవాళ్లు కూడా ఇదే ఫిర్యాదుతో నా కౌంటర్ దగ్గర నిలబడ్డారు.

వారంలో మార్పు లేకపోతే ఆర్.ఏ. దగ్గరికి వెళ్లు. ఆర్.ఏ. అంటే మన హాస్టల్ వార్డెన్ కాదు. నీకంటే ఒకటి రెండేళ్లు పెద్దదైన విద్యార్థిని, గదికీ భోజనానికీ బదులుగా ఆ ఫ్లోర్ బాధ్యత చూస్తుంది. మీ అమ్మకి ఫోన్ చేయదు. మీ ఇద్దర్నీ కూర్చోబెట్టి అగ్రిమెంట్ మళ్లీ రాయిస్తుంది. అప్పటికీ కుదరకపోతే డార్మ్ భవనం మొత్తాన్ని చూసే హాల్ డైరెక్టర్ ఉంటారు, వాళ్లు పూర్తి జీతం మీద పనిచేసే ఉద్యోగులు. గది మార్పు ఆ తర్వాతి మాట. చాలా క్యాంపస్‌లలో మొదటి రెండు మూడు వారాలు మార్పులు ఆపేస్తారు, రాని విద్యార్థుల లెక్క తేలేదాకా ఏ మంచం ఖాళీయో తెలియదు మరి. తేలికగా దొరికేది డిసెంబరులో. కౌంటర్ దగ్గర నేను అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే: "తనతో మాట్లాడావా?" చాలామంది నేల చూపులు చూస్తారు.

ఒకవేళ ఆ అబ్బాయి ప్రవర్తన వల్ల నీకు భయం వేస్తుంటే, తాకడం, బట్టలు మార్చుకునేటప్పుడు గదిలోంచి కదలకపోవడం లాంటివి ఉంటే, పైన చెప్పిన క్రమం అంతా మర్చిపో. ఆ రాత్రే డ్యూటీలో ఉన్న ఆర్.ఏ.కి చెప్పు. ఇలాంటి విషయం విన్నాక చాలా క్యాంపస్‌లలో ఆర్.ఏ. దాన్ని యూనివర్సిటీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే టైటిల్ నైన్ ఆఫీసుకు తెలియజేయాల్సి ఉంటుంది, తన మనసులో దాచుకోకూడదు. అది తెలిసే చెప్పు, కానీ చెప్పు.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. బాత్రూములో మగ్గు ఉంటుందా?
— ఆగస్టులో వెళ్లబోతున్న విద్యార్థి, గుంటూరు

ఉండదు నాయనా. కుళాయి కూడా ఉండదు, కాగితమే. చిన్న ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడెయ్, లేదా ఖాళీ నీళ్ల సీసా వాడుకో, మనవాళ్లందరూ చేసేది అదే. పాత భవనాల్లో ఫ్లోర్ మొత్తానికి ఒకటే బాత్రూము ఉంటుంది కాబట్టి షవర్‌లోకి రబ్బరు చెప్పులు, సబ్బూ షాంపూ పెట్టుకోవడానికి చిల్లుల బుట్ట కావాలి. అమ్మ కొన్న బెడ్‌షీట్లు వదిలెయ్. డార్మ్ మంచాలు ఎక్కువగా ట్విన్ ఎక్స్ఎల్ సైజు, 39 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. మామూలు ట్విన్ కంటే పొడుగు, అందుకే మామూలు షీటు నాలుగో మూల దగ్గర లేచిపోతుంది. వాషింగ్ మెషీన్ ఆగే టైముకి ఫోన్‌లో అలారం పెట్టుకో. ఆలస్యమైతే తర్వాతి మనిషి నీ తడి బట్టలు తీసి మెషీన్ మీద కుప్ప పోస్తాడు. తగువు పెట్టుకోకు, ఇక్కడి ఆచారం అది.

మా అమ్మాయికి చిన్న ఇత్తడి కుంది, అగరొత్తులు, రైస్ కుక్కర్ సర్ది పంపించాను. తనిఖీకి వచ్చిన ఆర్.ఏ. మూడూ తీసేయమన్నాడట. దేవుడి దీపానికి కూడా అభ్యంతరమేనా?
— ఒక తల్లి, రాజమండ్రి

అమ్మా, దేవుడితో వాళ్లకి పేచీ లేదు, నిప్పుతోనే. పుట్టినరోజు కొవ్వొత్తికీ ఇదే నిబంధన.

దీని వెనక ఒక కథ ఉంది. 2000 జనవరి 19 తెల్లవారుజామున న్యూజెర్సీలోని సీటన్ హాల్ యూనివర్సిటీలో, బోలండ్ హాల్ అనే డార్మ్‌లో మంటలు లేచాయి. ముగ్గురు మొదటి సంవత్సరం విద్యార్థులు చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. అలారం మోగింది. కానీ అంతకుముందు ఎన్నోసార్లు ఉత్తుత్తినే మోగి ఉండటంతో, ఇదీ అలాంటిదేలే అనుకుని కొందరు మంచం దిగలేదు. ఆ భవనంలో స్ప్రింక్లర్లు, అంటే మంట లేస్తే పైకప్పు నుంచి వాటంతట అవే నీళ్లు చల్లే గొట్టాలు, లేవు. ఆ తర్వాత న్యూజెర్సీ డార్మ్‌లన్నిటికీ స్ప్రింక్లర్లు తప్పనిసరి చేసింది. 2008 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం డార్మ్‌లున్న కాలేజీలు ఏటా అగ్నిప్రమాదాల నివేదిక ప్రచురించాలి. ఆ కుర్ర ఆర్.ఏ. మీ అమ్మాయి కుంది పట్టుకుని ఆలోచించింది ఈ సంగతే.

బ్యాటరీ దీపం పెట్టుకోమనండి. పెద్ద క్యాంపస్‌లలో అన్ని మతాలవాళ్లూ వాడుకునే ప్రార్థన గది ఉంటుంది, భారతీయ విద్యార్థి సంఘాలు అనుమతి తీసుకుని దీపావళి చేస్తాయి. రైస్ కుక్కర్ సంగతి క్యాంపస్‌ని బట్టి. దానంతట అదే ఆగిపోయే రకమైతే కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఏదీ కుదరదు. ఎర్రగా కాలే కాయిల్ ఉన్న స్టవ్ మాత్రం ఎక్కడా పెట్టనివ్వరు.

మీరు అడగలేదు గానీ, అసలు ప్రమాదకారి పోపు. ఫ్లోర్‌లో అందరూ వాడుకునే వంటగదిలో ఎండుమిరపకాయలు నూనెలో వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. మొదట ఇద్దరు దగ్గుతారు. తర్వాత అలారం. తర్వాత నాలుగైదు వందల మంది పైజామాల్లో మంచులో నిలబడతారు, ఫైరింజన్ వచ్చి చూసి పొమ్మనేదాకా. గుంపులో ఎవరి మొహం వాడిపోయి ఉందో చూస్తే పోపు పెట్టింది ఎవరో చెప్పేయొచ్చు. నూనె పొగ రాకముందే వేసి, సెగ తగ్గించి, ఫ్యాన్ వేసుకోమనండి. అలారం మోగకుండా దానికి సాక్సు తొడిగే తెలివితేటలు మాత్రం వద్దు. పట్టుబడితే గది పోయేంత తప్పు అది.

నేను గుడ్డు కూడా తినను. డైనింగ్ హాల్‌ని నమ్ముకోవచ్చా?
— విద్యార్థిని, హైదరాబాద్

నమ్ముకో, కానీ అడిగి తిను. వంటకాల దగ్గర వెజిటేరియన్, వీగన్ గుర్తులు పెడతారు. వీగన్ అని ఉంటే గుడ్డూ పాలూ రెండూ లేవని. పేరు చూసి మోసపోయే చోట్లు కొన్ని: కూరగాయల సూప్‌ని చికెన్ కాచిన నీళ్లతో చేసి ఉండొచ్చు, మెక్సికన్ బీన్స్‌లో పంది కొవ్వు పడి ఉండొచ్చు, సీజర్ సలాడ్ మీద పోసే దాంట్లో చేపలుంటాయి, మార్ష్‌మాలోల్లో, కొన్ని రకాల యోగర్ట్‌లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. వెజ్జీ బర్గర్‌ని మాంసం కాల్చిన పెనం మీదే కాల్చొద్దని ముందే చెబితే వేరే పెనం తీస్తారు, విసుక్కోరు. పెద్ద యూనివర్సిటీల్లో డైనింగ్ విభాగానికి ఒక డైటీషియన్ ఉంటారు. చేరిన వారంలోనే ఈమెయిల్ రాయి.

తెల్ల అన్నం, ప్లెయిన్ యోగర్ట్, బ్యాగులో ఆవకాయ ప్యాకెట్. ఈ మూడింటితో సెమిస్టర్లు గట్టెక్కినవాళ్లు చాలామంది ఉన్నారు. మీల్ ప్లాన్ మాత్రం చూసి తీసుకో. వారానికి ఇన్ని స్వైప్‌లు (కార్డు గీసి తినే భోజనాలు) అని ఉండే ప్లాన్‌లో మిగిలినవి వారం చివర పోతాయి, తర్వాతి వారానికి రావు. సెమిస్టర్ మొత్తానికి ఇచ్చే ప్లాన్ ఉంటే అదే నయం.

మా అమ్మాయి ఎంచుకున్న క్యాంపస్‌లో భద్రత ఎలా ఉందో ఎలా తెలుసుకోవాలి?
— ఒక తల్లి, విశాఖపట్నం

వాట్సాప్ గ్రూపుల్లో కాదు. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే విద్యార్థినిని తన డార్మ్ గదిలోనే చంపేశారు. ఆమె తల్లిదండ్రుల పోరాటం వల్ల 1990లో క్లెరీ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి యూనివర్సిటీ ఏటా అక్టోబరు 1కల్లా గత మూడేళ్ల నేరాల లెక్క ప్రచురించాలి. క్యాంపస్ పేరు రాసి "యాన్యువల్ సెక్యూరిటీ రిపోర్ట్" అని వెతికితే దొరుకుతుంది. అందులో డార్మ్‌ల లెక్క విడిగా ఉంటుంది, అది చూడండి.

ఆ హంతకుడు లోపలికి వచ్చింది ఎవరో మూసుకోకుండా అడ్డం పెట్టి ఉంచిన తలుపుల్లోంచి. వెనక వచ్చేవాళ్ల కోసం తలుపు పట్టుకుని నిలబడటం మన పిల్లలకి మర్యాద. కార్డు లేని కొత్త మనిషి దగ్గర ఆ మర్యాద అక్కర్లేదని చెప్పండి.

ఒక పార్టీలో మా ఫ్రెండ్ బాగా తాగి పడిపోయాడు. అందరం ఇరవై ఒకటి లోపువాళ్లం. ఫోన్ చేస్తే వీసాలు పోతాయని భయపడి గదిలో పడుకోబెట్టాం. పొద్దున లేచాడు. మేం చేసింది కరెక్టేనా?
— పేరు లేదు

కాదు. లేచాడు కాబట్టి ఈ ఉత్తరం రాయగలిగావు.

1984 నాటి ఫెడరల్ చట్టం వల్ల అన్ని రాష్ట్రాల్లోనూ మద్యానికి వయసు ఇరవై ఒకటే, మీ భయం ఉత్తది కాదు. కానీ చాలా రాష్ట్రాల్లో, యూనివర్సిటీల్లో, ప్రాణాపాయంలో ఉన్నవాడి కోసం ఫోన్ చేసినవాళ్లని తాగినందుకు శిక్షించకుండా వదిలేసే నిబంధన ఉంది. మీ క్యాంపస్ పేరుతో "మెడికల్ ఆమ్నెస్టీ" అని వెతికి, ఎంతవరకు కాపాడుతుందో ఈ రోజే చదువు. అది ఎలా ఉన్నా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాల్సిందే.

పిలిచినా గిల్లినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది సార్లకంటే తక్కువ ఊపిరి, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్ల ఖాళీ, చల్లబడి నీలంగా మారిన చర్మం, స్పృహ లేకుండా వాంతి. వీటిలో ఒక్కటి కనిపించినా ఆలోచించొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు, వాంతి గొంతులో అడ్డుపడుతుంది. ఒంటరిగా వదలొద్దు. నిద్రపోతే దిగిపోతుందనేది అబద్ధం, తాగడం ఆపాక కూడా కొంతసేపు రక్తంలో మద్యం పెరుగుతూనే ఉంటుంది. చన్నీళ్ల స్నానం, కాఫీ పనిచేయవు.

నిజంగా వీసాకి ముప్పు తెచ్చేది తాగి కారు నడపడం. ఒక్క అరెస్టుకే వీసా రద్దు చేయగలరు.

ఎమ్మెస్‌కి వెళ్తున్నాను. డార్మ్ తీసుకోవాలా, అపార్ట్‌మెంటా?
— వరంగల్ నుంచి

డార్మ్‌లు ముఖ్యంగా పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం. ఎమ్మెస్ వాళ్లు ఎక్కువగా బయట అపార్ట్‌మెంట్లోనే ఉంటారు, చవక కూడా. లీజు మీద సంతకం పెట్టేముందు అది నలుగురికీ కలిపి ఒకటేనా, ఎవరిది వాళ్లదా అని అడుగు. కలిపి ఒకటే అయితే, ఇంటర్న్‌షిప్ వచ్చిందని ఒకడు వెళ్లిపోతే అతని అద్దె మిగిలిన ముగ్గురి నెత్తిన పడుతుంది. లీజు చాలావరకు పన్నెండు నెలలకి ఉంటుంది, వేసవి సెలవుల్లో ఇండియా వెళ్లినా అద్దె ఆగదు.

డిసెంబరులో డార్మ్ మూసేస్తారట. నేను ఎక్కడికి వెళ్లాలి?
— మొదటి సంవత్సరం విద్యార్థి

అన్నీ మూయరు. చాలా హాళ్లు ఆఖరి పరీక్ష అయిన మర్నాటికల్లా మూసి జనవరిలో తెరుస్తారు, ఒకటి రెండు తెరిచి ఉంచుతారు. అందులో ఉండాలంటే ముందే పేరు నమోదు చేసుకోవాలి, గడువు మామూలుగా నవంబరులోనే అయిపోతుంది. ఈమెయిల్ వస్తుంది, మనవాళ్లు తెరవరు. సెలవుల్లో మీల్ ప్లాన్ నడవదు కాబట్టి వంటగది ఉన్న హాల్ అడుగు. విమానం టికెట్ కొనేముందు మీ హాల్ మూసే తేదీ చూసుకో. వెళ్లేముందు ఫ్రిజ్ ప్లగ్ తీయమంటారు. దానికంటే ముందు అందులోని పెరుగు డబ్బా తీసెయ్.